ఇన్వర్టరు మీద సుబ్బులమ్మ పాలు

హనుమంతునిపాడు పక్కన మా ఊళ్ళో సుబ్బులమ్మ బర్రె పాలు ఎంత చిక్కనంటే, వాటిలో పడ్డ ఈగ మునగదు, నడుచుకుంటూ అంచుకు వచ్చేస్తుంది. అలాంటి పాలకు పాల కేంద్రంలో వెన్న కొలిచే మిషను వరసగా రెండు సాయంత్రాలు రెండు శాతమే చూపించింది. మూడోసారీ అంతే వస్తే ఆమె పాలు పోసే కార్డు రద్దు.

"నీళ్లు పోసినావు సుబ్బులక్కా," అన్నాడు కేంద్రం నడిపే నాగభూషణం శెట్టి.

"యాడుండాయి శెట్టీ నీళ్లు? మా బోరు రెండేండ్లుగా గాలి కక్కుతుండాది. పొద్దున ఏడు, సాయంత్రం రెండు. నా బర్రె ఏమన్నా షిఫ్టు డ్యూటీ చేస్తుందా?"

మూడో రోజు ఆమె పాలతోపాటు గిద్దలూరు మెకానిక్కు దేవదానాన్ని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. అతను శెట్టిని పక్కకు జరగమన్నాడు.

"మిషను కరెంటులో ఎంత గొడవను తట్టుకుంటాదో చూడాల."

పాలు పోసి మిషను కరెంటు మీద పెట్టాడు, ఏడు. మెయిను ఆపి, సాయంత్రాలు కరెంటు పోయినప్పుడు వాడే ఇన్వర్టరు మీద పెట్టాడు, ఆరున్నర. అదే ఇన్వర్టరుతో వెనక వంటింట్లో శెట్టి భార్య రాజేశ్వరమ్మ మిక్సీ నడుస్తుంది. దాన్ని కూడా తిప్పమన్నాడు. శనగపప్పు వేస్తే నాలుగు, ఎండుమిరపకాయలు వేస్తే రెండు. చివరికి ఉత్త మంచినీళ్లు పెడితే వెన్న తొమ్మిది చూపించింది.

"ఇంకేం శెట్టీ, రేపట్నుంచి పాల బదులు బిందెతో నీళ్లే తెస్తా," అంది సుబ్బులమ్మ.

దేవదానం బయటికెళ్లి, కరెంటు తీగను భూమిలోకి దింపిన ఎర్తు గుంట మూత తీశాడు. లోపల్నించి రెండు తొండలు నాలుకలు బయటేసుకుని వచ్చి, నీళ్ల తొట్టి ఎక్కడుందని వెతుక్కుంటూ పోయాయి.

"ఇందులో రోజూ బకెట్టు నీళ్లు పోయమని చెప్పలేదా అన్నా నీకు? ఇంత ఎండిపోతే మిక్సీ గోలంతా భూమిలోకి పోకుండా మిషను నెత్తినే పడతాది."

"ట్యాంకరు వారానికొకటి వస్తుంది నాయనా. మనుషులకే చాలక గుంటకు పోసేది ఏంది అనుకున్నా."

"మా పాలల్లో మాత్రం పోసినామంటివి," అంది సుబ్బులమ్మ.

ఆ రోజు వచ్చిన ట్యాంకరులో సగం గుంటే తాగి తేన్చింది. తర్వాత మిక్సీలో రాళ్ళుప్పు వేసి తిప్పినా మిషను ఏడు దగ్గర కదల్లేదు. శెట్టి గొంతు సవరించుకుని కార్డులో ఏడు రాసి ఇచ్చాడు.

సుబ్బులమ్మ కార్డు తీసుకోలేదు.

"మొన్నటి రెండూ, నిన్నటి రెండూ గూడా కొట్టేసి దిద్దు. పక్కన సంతకం పెట్టు."

రాజేశ్వరమ్మ వంటింట్లోంచి వచ్చి, శెట్టి పక్కన పెట్టేసిన పెన్ను తీసి మళ్ళీ మొగుడి చేతిలో పెట్టింది.