పదమూడు నంబరు తీగలు

నాలుగో తీగ కూడా విప్పి, చుట్ట చుట్టి పక్కన పెట్టాక ఆర్విల్ టెస్టర్‌మన్ తన ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని కుడిచేత్తో పిసుక్కున్నాడు. వంటింటి బల్ల మీద పాత తువ్వాలు, దాని మీద గిటారు, పక్కన చల్లారిపోయిన కాఫీ. నెల మొదటి శనివారం పొద్దున్న తీగలు మార్చడం అతనికి గడ్డం గీసుకోవడం లాంటి పని. ఆలోచించకుండా చేస్తాడు. ఈ వేళ మాత్రం ఆలోచిస్తున్నాడు.

అరవై మూడేళ్ళవాడు. ఫర్నిచర్ ఫ్యాక్టరీలో ఇరవై తొమ్మిదేళ్ళుగా బల్ల సొరుగులు నునుపు చేస్తున్నాడు. మిషను కుడిచేత్తో నడిపిస్తూ, చెక్క కదలకుండా ఎడమచేత్తో అదిమి పట్టాలి. ఆ అదమడంలోనే మధ్యవేలూ ఉంగరం వేలూ కణుపుల దగ్గర ఉబ్బి, చలికాలం మొదలవగానే మొద్దుబారుతున్నాయి. మనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. నలుగురిలో నిలబడితే ఐదో వాడిగా లెక్కపెట్టడం మర్చిపోతారు. ఊళ్ళో ఎవరినైనా అడిగితే "కోయ్ స్టర్జిల్ ఫిడేలు వాయిస్తాడే, ఆయన పక్కన కూచుంటాడు, ఆయన" అంటారు.

భార్య లెరీన్ పొయ్యి దగ్గర నుంచి వచ్చి, ఏప్రాన్ జేబులోంచి చిన్న కాగితం పొట్లం తీసి తువ్వాలు మీద పెట్టింది.

"ఏంటిది?"

"కళ్ళున్నాయిగా. పన్నెండు."

"నేను పన్నెండు వాయించను, లెరీన్."

"పోయిన వారం నువ్వసలు ఏదీ వాయించలేదు. ఆఖరి మూడు నిమిషాలూ గాలిని గోకావు. గోడ దగ్గర కూచుని చూస్తూనే ఉన్నాను."

అతను పొట్లాన్ని వేలితో పక్కకి జరిపాడు.

ఆరు తీగల జతకి అన్నిటికన్నా సన్నటి తీగే పేరు పెడుతుంది. అంగుళాన్ని వెయ్యి ముక్కలు చేస్తే అందులో పదమూడు ముక్కలంత లావున్నది పదమూడు. పన్నెండంటే ఒక్క ముక్క తక్కువ. కంటికి ఆ తేడా కనపడదు. వేలికి మాత్రం తెలుస్తుంది, అదీ నొప్పి ఉన్న వేలికి మరీ బాగా తెలుస్తుంది. ఆరూ కలిసి గిటారు మెడని లాగే బరువులో ఇరవై పౌన్లకి పైగా తేడా వస్తుంది. మందపు తీగని మెడ మీది మెట్టుకి అదమాలంటే చేతిలో సత్తువ ఉండాలి. కానీ కొడితే పెట్టె అడుగు నుంచి పలుకుతుంది. కోయ్‌కి మైకులంటే మంట. శనివారం నాట్యం జరిగే హాల్లో, ఫిడేలూ బాంజో ఆడేవాళ్ళ ఎనభై పాదాలూ కలిసి చేసే గోలలో, పదమూడు లేని గిటారు ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే. ముప్ఫై మూడేళ్ళుగా ఆర్విల్ పదమూడే కట్టాడు.

బుధవారం కోయ్ వచ్చి వెళ్ళాడు. లెరీన్‌కి అన్నగారు. గుమ్మం ఎక్కకుండా ట్రక్కులోనే కూచుని, ఇంజను ఆపకుండా మాట్లాడాడు.

"నీ చెయ్యెలా ఉంది బావా?"

"బానే ఉంది."

"శనివారం వెండెల్ రూప్ వస్తానన్నాడు. ఊరికే, వినడానికి."

ఇంతే. వాళ్ళుండే కొండలోయలో ఏ బృందమూ ఎవరినీ పొమ్మనదు. అలా అనడం మర్యాద కాదు. కొత్తవాణ్ణి 'వినడానికి' పిలుస్తారు. అతను వాయిద్యాన్ని ట్రక్కులోనే వదిలి, ఉత్త చేతులతో వచ్చి, పాతవాడి కుర్చీ వెనక బెంచీ మీద కూచుంటాడు. ఒక శనివారం, రెండు శనివారాలు, నెల. పాతవాడు తనంతట తాను లేచేదాకా నోరెత్తడు. 1938లో ప్రెస్టన్ అనే ముసలాయన వెనక ఆర్విల్ అలాగే కూచున్నాడు. ఆరో వారం ప్రెస్టన్ లేచి, పొగాకు ఉమ్మేసి వస్తానని బయటికి వెళ్ళి మళ్ళీ రాలేదు. అప్పుడు ఆర్విల్‌కి సంతోషం పట్టలేదు. ఆ ముసలాయనకి ఎలా ఉండి ఉంటుందో ఒక్కసారి కూడా అనుకోలేదు. ఈ వారమంతా అదే అనుకుంటున్నాడు.

ఆ కుర్చీ తప్ప అతనికి ఇంకెక్కడా చోటు లేదు. ఫ్యాక్టరీలో ఒక నంబరు ఉంది, చర్చిలో వెనక వరస ఉంది. పిల్లలు లేరు. శనివారం రెండు నుంచి ఐదు వరకూ కోయ్ ఎడమ మోకాలికి తన కుడి మోకాలు తగిలేంత దగ్గరగా కూచుని కొట్టే ఆ మూడు గంటలే అతను బతికేది. అవి పోతే ఏం చేస్తాడో అతనికి తెలియదు.

పొట్లం విప్పాడు.

సన్నతీగలు కట్టి శ్రుతి చేస్తుంటే మెడ మీద బరువు తగ్గి, అది వెనక్కి వాలి, తీగలు మెట్లకి మరీ దగ్గరగా దిగిపోయాయి. గట్టిగా కొడితే గరగరమన్నాయి. తీగలు ఆనే ఎముక ముక్క కింద అట్టపెట్టె నుంచి కత్తిరించిన సన్నటి ముక్క దూర్చి వాటిని కాస్త పైకెత్తాడు. ఈ వైద్యం అక్కడ అందరికీ తెలిసిందే. అట్ట శబ్దాన్ని కొంచెం తాగేస్తుందనీ అందరికీ తెలుసు. వేళ్ళు మాత్రం హాయిగా దిగుతున్నాయి. పట్టు మీద పట్టు మార్చి చూశాడు. నొప్పి లేదు. లెరీన్ అంట్లు తోముతూ వెనక్కి తిరక్కుండానే విన్నది.

"చూశావా?" అంది.

"చూశాను," అన్నాడు. అలవాటుకొద్దీ కొత్త పదమూడు పొట్లం కూడా చొక్కా జేబులో వేసుకున్నాడు.

హాలంటే మూతపడ్డ బడి. రెండింటికి ముందే నిండింది. ఆర్విల్ గోధుమరంగు కోటు విప్పి తన కుర్చీ వీపుకి తగిలించాడు. వెండెల్ రూప్ అప్పటికే బెంచీ మీద ఉన్నాడు. నలభై ఏళ్ళ పోస్టుమాను, దుక్కలాంటి చేతులు. ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తొడల కింద పెట్టుకున్నాడు.

"నమస్కారం బాబాయ్," అన్నాడు.

"వినడానికొచ్చావా?"

"ఊరికే, వినడానికే."

కోయ్ శ్రుతి ఇచ్చాడు. మొదటి పాట ఎత్తుకున్నారు.

అక్కడ పాటకి ముగింపు ఫిడేలు చేతిలో లేదు. మధ్యలో నిలబడి ఆడేవాళ్ళకి కేకేసి అడుగులు పిలిచేవాడు జంటలన్నిటినీ తిప్పి తిప్పి ఒదిలిపెట్టేదాకా వాయిస్తూ ఉండాల్సిందే. పది నిమిషాలు కావచ్చు, పదహారు కావచ్చు. అతను చెయ్యి ఊపితే కోయ్ పాదం పైకెత్తుతాడు, పాట ఆ చుట్టు పూర్తవగానే ఆగుతారు. పోయిన వారం పన్నెండో నిమిషంలో ఆర్విల్ చెయ్యి కొయ్యబారిపోయింది. ఈ వేళ పన్నెండు గడిచింది, పధ్నాలుగూ గడిచింది. చెయ్యి నిక్షేపంలా ఉంది. వెనక వెండెల్ ఊపిరి వినపడుతోంది. కూచో నాయనా, కూచో, ఎన్ని వారాలు కూచుంటావో చూస్తాను, అనుకున్నాడు ఆర్విల్.

అప్పుడు పాదాల వంక చూశాడు. నాట్యం చేసేవాళ్ళు ఒక్కొక్కరే జరుగుతూ బాంజో ఉన్న వైపు పోగవుతున్నారు. ఎందుకో వాళ్ళకే తెలియనట్టు జరుగుతున్నారు. అడుగులు పడుతున్నాయి గానీ ఒకేసారి పడటం లేదు. అతను గట్టిగా కొట్టాడు. తీగ వెడల్పుగా ఊగి మెట్టు మీద గరగరలాడింది తప్ప లోపలి నుంచి పలకలేదు. ఇంకా గట్టిగా కొట్టాడు, గరగర ఇంకా పెరిగింది. కోయ్ తల తిప్పలేదు. కానీ అతని దవడ బిగిసింది.

ఐసీ అత్త హాలు నడిమధ్యలో ఆగిపోయింది. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. చెవులు పోయి పదేళ్ళయింది. అయినా ఒక్క శనివారం తప్పదు, నేల పలకల్లోంచి అరికాళ్ళకి అందే దెబ్బని పట్టుకుని ఆడుతుంది. చుట్టూ జంటలు తిరుగుతుంటే ఆమె చేతులు వేలాడేసుకుని నిలబడి, కళ్ళు చిట్లించి వాయించేవాళ్ళ వైపు చూసింది. చెవిటివాళ్ళకుండే పెద్ద గొంతుతో అడిగింది.

"ఒరే ఆర్విల్! ఇవ్వాళ రాలేదేంట్రా నువ్వు?"

నలుగురు నవ్వారు. అతను ఎదురుగానే కూచున్నాడు కదా.

ఆర్విల్‌కి నవ్వు రాలేదు. ముఖంలోకి రక్తమంతా వచ్చింది. ఇన్నేళ్ళూ తన గిటారుని ఎవరూ వినలేదని అనుకున్నాడు. ఒకరు విన్నారు. విన్న ఆ మనిషికే తను లేకుండా పోయాడు.

విరామంలో అందరూ కాఫీకీ ఆపిల్ పైలకీ ఎగబడుతుంటే అతను గిటారు పట్టుకుని ట్రక్కు దగ్గరికి వెళ్ళాడు. లెరీన్ వెంట వచ్చింది.

"ఏం చేస్తున్నావు?"

"పదమూడు కడుతున్నాను."

"పదకొండు నిమిషాలు కూడా నిలవదు నీ చెయ్యి. వెనకాల వాడున్నాడు. నీకు తెలీదా?"

"తెలుసు."

ఆమె ఇంకేదో అనబోయి, అతని ముఖం చూసి, ఒంగి తీగల్ని పట్టి ఉంచే పిన్నులు అందించడం మొదలుపెట్టింది. పదిహేను నిమిషాల్లో ఆరూ ఎక్కించి, సాగడానికి ఒక్కొక్క తీగనీ వేలితో పైకి లాగి, మళ్ళీ శ్రుతి చేశారు. లోపల ఫిడేలు అప్పుడే పిలుస్తోంది. పరుగున వెళ్ళి కుర్చీలో కూచుని మొదటి పట్టు పట్టాక గుర్తొచ్చింది. అట్టముక్క తియ్యలేదు! మందపు తీగలు మెడని మళ్ళీ ముందుకి లాగేశాయి, అట్ట వాటిని ఇంకా పైకెత్తేసింది. ఇంత ఎత్తు మీద ఎన్నడూ వాయించలేదు. తియ్యడానికి వ్యవధి లేదు. కోయ్ ఎత్తుకున్నాడు.

మొదటి దెబ్బకే నేల పలకలు మోగాయి.

బాంజో వైపు పోగైన జంటలు సర్దుకుని హాలంతా పరుచుకున్నాయి. ఎవరూ అతని వంక చూడలేదు. ఐసీ అత్త కూడా చూడలేదు. గౌను అంచు ఒక చేత్తో పట్టుకుని, గడ్డం గుండెకి ఆనించుకుని, పాదాలు తప్ప ఒంట్లో ఇంకేదీ కదలకుండా ఆడుతోంది. ఆర్విల్ ఆ నల్లబూట్ల మీదే చూపు పెట్టాడు. తన చేతి దెబ్బ, ఆమె మడమ. తన దెబ్బ, ఆమె మడమ.

ఆరో నిమిషంలో ఉంగరం వేలు మొద్దుబారింది. మిగతా వేళ్ళు దాని బరువు కూడా మోశాయి. ఎనిమిదో నిమిషంలో బొటనవేలి మొదట్లో ఎవరో మేకు దిగేసినట్టయింది. పళ్ళు బిగించాడు. చెమట కంట్లో పడింది. అడుగులు పిలిచేవాడికి ఈ పాట బాగా ఎక్కేసింది, ఇప్పట్లో వదిలేలా లేడు. పదో నిమిషంలో మధ్యవేలు వంగనని మొరాయించింది. ఒక దెబ్బ బోడిగా పడింది.

మోకాలికి మోకాలు తగులుతోంది గనక కోయ్‌కి తెలిసిపోయింది. ఫిడేలు ఆపకుండా కొంచెం ఇటు ఒరిగాడు. అతని పాదం నేల మీంచి లేవడం ఆర్విల్ చూశాడు. అడుగులు పిలిచేవాడు చెయ్యి ఊపకుండా కోయ్ స్టర్జిల్ జన్మలో ఎన్నడూ పాదం ఎత్తి ఎరగడు. అది చెల్లెలి మొగుడి మీద జాలి. ఆర్విల్ తన మోకాలితో అతని మోకాలిని నెట్టాడు. ప్రేమతోనో కోపంతోనో చెప్పలేడు, రెండూనేమో.

"దించు బావా," అన్నాడు. "కాలు దించు. ఆడనీ వాళ్ళని."

కోయ్ పాదం గాలిలో క్షణం ఆగి కిందికి దిగింది.

ఆర్విల్ వెనక్కి తిరక్కుండా పిలిచాడు. "వెండెల్! రా."

"బాబాయ్, నేను ఊరికే..."

"చుట్టు తిరిగేటప్పుడు కూచో. ఇప్పుడే!"

ఫిడేలు మళ్ళీ మొదటికి వచ్చే చోట అతను లేచాడు. వెండెల్ అతని కింది నుంచి కుర్చీలోకి జారాడు. గిటారు చేతులు మారింది. రెండు దెబ్బలు పోయాయి. ఐసీ అత్త పాదం గాలిలో నిలబడిపోయింది. మూడో దెబ్బ పడింది. లావుగా, నిండుగా పడింది. ఆమె మడమ దిగింది.

ఆర్విల్ ఒంగి వెండెల్ చెవిలో చెప్పాడు. "ఎముక కింద అట్టముక్క ఉంది. పాటయ్యాక తీసెయ్. తీగలు మాత్రం సన్నవి కట్టకు."

వెండెల్ కళ్ళు తడిగా ఉన్నాయి. పాట మధ్యలో ఉన్నాడు కనక తల మాత్రం ఊపాడు.

జనం అంచు వెంబడే గోడని రాసుకుంటూ ఆర్విల్ తలుపు దాకా వెళ్ళాడు. ఇద్దరు ముగ్గురు దారి ఇవ్వడానికి జరిగారు గానీ ఎవరికి ఇస్తున్నారో చూసుకోలేదు. బయట అక్టోబరు ఎండ చల్లగా ఉంది. చేతిని చంకలో దాచుకుని ట్రక్కు దగ్గర నిలబడ్డాడు. ఏడుపొచ్చింది, ఏడిచాడు. కాసేపటికి లెరీన్ వచ్చి పక్కన నిలబడి, ఆ చేతిని చంకలోంచి బయటికి లాగి తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది.

"వణుకుతున్నావు. నీ కోటేదీ?"

అతను కిటికీలోంచి లోపలికి చూశాడు.

"తెస్తానుండు," అంది ఆమె.

"వద్దులే. పాట మధ్యలో ఉన్నారు."

లోపల వెండెల్ ముందుకి ఒంగి వాయిస్తున్నాడు. అతని వెనక కుర్చీ వీపున గోధుమరంగు కోటు వేలాడుతోంది, దాని రెండు చేతులూ నేల అదురుకి కొద్దికొద్దిగా ఊగుతున్నాయి.