అడగని ప్రశ్నకు జవాబు

ప్రశ్న ఎవరూ అడగకముందే ఆ అమ్మాయి లేచి జవాబు చెప్పేసింది.

“సాయంత్రం అందరూ ఒకేసారి కుళాయిలు తిప్పుతారు కాబట్టి పైపులో ఒత్తిడి పడిపోతుంది మేడమ్!”

తరగతి కొయ్యబారిపోయింది. ఆ ప్రశ్న అడగాల్సిన కుర్రాడు సగం తెరిచిన నోటితో అలాగే ఉండిపోయాడు. వెనక కూర్చున్న తనిఖీ బృందంలో పెద్దావిడ కళ్లజోడు తీసింది.

“మరి ప్రశ్న ఏదమ్మా?”

ఎవరో కిసుక్కున నవ్వారు. అమ్మాయికి చెవులు వేడెక్కాయి.

ఇంజినీరింగ్ కాలేజీ కొత్త సిలబస్ నిలుస్తుందో లేదో ఇవాళ తేలాలి. ప్రశ్న విద్యార్థిదే, వెతుకులాటా విద్యార్థిదే, మాస్టారు పక్కన నిలబడితే చాలు. ఆ సిలబస్ ప్రాణమంతా అందులోనే ఉంది. దాన్ని తయారుచేసి, ఇప్పుడు కిటికీ పక్కన నిలబడ్డ హెచ్‌ఓడీ ఆ అమ్మాయికి స్వయానా మేనత్త. గేటు దాటాక ‘మేడమ్’ అనే పిలవాలని మొదటిరోజే గట్టిగా చెప్పింది.

“వీళ్లచేత ఎవరు బట్టీ పట్టించారు?” పెద్దావిడ గొంతు కరుకెక్కింది.

ఆవిడ పక్కనే కూర్చున్న ప్రిన్సిపాల్ చూపు బోర్డు దగ్గరున్న కుర్ర లెక్చరర్ మీద పడింది. అతని ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు.

“నువ్వేనా? నిలువునా పరువు తీశావు కదయ్యా! ఇవాళే రాజీనామా ఇచ్చి వెళ్లు.”

“నాకేం తెలీదు సార్…” అతను దిక్కుతోచక హెచ్‌ఓడీ వైపు చూశాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. బయట ఖాళీ సైకిల్ స్టాండు తప్ప ఏమీ లేదు.

అమ్మాయికి ఆదివారం అత్తయ్య ఇంట్లో భోజనాల బల్ల గుర్తొచ్చింది. చుట్టూ తోటి విద్యార్థులు, చేతుల్లో టీ కప్పులు.

“మా ప్రశ్నలు మేమే అడుగుతాం అత్తయ్యా!”

“మీరేం అడిగి చస్తారో ఎవరికి తెలుసే? నా పరువేం కాను? వాడు అడిగాకే లే. తొందరపడకు.”

తొందరపడింది. ఆ తప్పుకి ఇప్పుడు ఇంకొకరి మెడ మీద కత్తి.

“సరే,” అంది పెద్దావిడ. “నేర్చుకొచ్చినవి పక్కన పెట్టండి. నిజంగా అడగాలని ఉన్నది ఒక్కటి అడగండి.”

అమ్మాయి బెంచీ పట్టుకుని లేచింది. ఎవరి మొహమూ చూడలేకపోయింది.

“ఆయన ఉద్యోగం పోతుంటే చూస్తూ ఊరుకుంటావా, అత్తయ్యా?”

ప్రిన్సిపాల్ చివాలున తిరిగాడు. “ఎవరు? ఎవరే మీ అత్తయ్య?”

“మా హెచ్‌ఓడీ మేడమ్ సార్. బట్టీ పట్టించింది మా అత్తయ్యే.”