గని గోడ వెచ్చదనం

సకల జనుల సమ్మె రోజులవి. భూపాలపల్లిలో గనులు మూతపడ్డాయి, బస్సులు కదలడం లేదు, బడులకు తాళాలు. గని గేటు ముందు కార్మికులు టెంటు వేసుకుని కూర్చుంటే, తానూ సమ్మెలో ఉన్న సుమన టీచర్ అక్కడే పిల్లల్ని పోగుచేసి పాఠం మొదలుపెట్టింది. ఊరికే కూర్చోవడం చేతకాని మనిషి ఆమె. పిల్లల కంటే పెద్దలే ఎక్కువ చెవులు రిక్కించారు, వినడం లేదన్నట్టు మొహాలు పెట్టుకుని.

లచ్చయ్యది ఆ గనిలోనే పని. వాళ్ల బాపు కూడా అందులోనే చేశాడు. చాలా ఏళ్ల కింద లోపల ఒకచోట బొగ్గు అంటుకుంది. ఆర్పే దారి లేక, గాలి అందకుండా ఇటుక గోడ కట్టి మూసేశారు. అప్పటికే ప్రాణం పోయిన బాపు గోడకు అవతలే ఉండిపోయాడు.

చితి చల్లారాకే పాలు చల్లి బూడిద ఎత్తాలి. అందుకని లచ్చయ్య తల్లి యాదమ్మ దినాలు జరగనివ్వలేదు, ఏడవనూ లేదు. "ఆయన ఇంక కాలుతనే ఉన్నడు, గప్పుడే ఎట్ల ఏడుస్త?" అనేది. చుట్టాలు చెప్పీ చెప్పీ విసిగిపోయారు. లచ్చయ్య కొలువులో చేరాక, లోపలికి దిగినప్పుడల్లా ఆ గోడ మీద చెయ్యి పెట్టి చూసేవాడు. ఇంటికొచ్చి "ఇంక వెచ్చగనే ఉన్నదే అవ్వా" అనేవాడు. ఆమె తలూపి అన్నం పెట్టేది.

ఆ రోజు టీచర్ భూమి లోపలి వేడి గురించి చెబుతోంది.

"లోపటికి పోయినకొద్ది రాయి వెచ్చగైతది. భూమి పుట్టినప్పటి వేడి కొంత, రాళ్లల్ల ఇప్పటికీ పుడుతున్న వేడి కొంత. పైన మందంగ కప్పుకొని ఉన్నది గదా, జరంత జరంత చల్లబడుతది. మొత్తం చల్లబడాల్నంటే వందల కోట్ల ఏండ్లు."

కొడుక్కి సద్ది తెచ్చిన యాదమ్మ గిన్నె కింద పెట్టేసింది.

"వందల కోట్ల ఏండ్లా? అన్నేండ్లు నేనెట్ల ఆగుత బిడ్డా?"

టీచర్‌కు ఏమీ అర్థం కాలేదు. లచ్చయ్యే సంగతంతా చెప్పాడు. విని, ఆమె మెల్లగా అడిగింది.

"అన్నా, గా గోడ సరే. పక్క గోడలు ఎన్నడన్న ముట్టి చూసినవా?"

లచ్చయ్య తన అరచేతి వంక చూసుకున్నాడు. ఇన్నేళ్లుగా అతనికి గోడంటే అదొక్కటే.

సమ్మెలో ఉన్నవాడు గేటు దాటితే పరువు పోయినట్టే. గని మునగకుండా నీళ్లు తోడే మోటర్ల మనుషులకే లోపలికి దారి. వాళ్లలో ఒకడైన బక్కయ్య "నేను చూసొస్త తియ్యి" అన్నాడు.

"నువ్వెందుకురా? కొడుకు చూడాలె" అంది యాదమ్మ.

గేటుకు అడ్డంగా కూర్చున్నవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, లేచి దారిచ్చారు. టీ కోసం తెచ్చిన పాలలోంచి ఎవరో ఒక గ్లాసుడు లచ్చయ్య చేతిలో పెట్టారు.

గని లోపల ఇటుక గోడ ఎప్పటిలాగే గోరువెచ్చగా ఉంది. పక్కకు జరిగి బండ మీద చెయ్యి పెట్టాడు. అంతే వెచ్చన. ఏ మంటా అంటని దూరం దాకా పోయి చూశాడు. అక్కడా అంతే. లచ్చయ్య నవ్వాడో ఏడ్చాడో తనకే తెలియలేదు. వెనక్కి వచ్చి ఇటుకల మీద పాలు పోశాడు.

పైకి వచ్చేసరికి యాదమ్మ గేటు కమ్మీలు పట్టుకుని నిలబడి ఉంది.

"బాపు ఎప్పుడో చల్లబడ్డడే అవ్వా. గది భూమి వేడి."

ఆమె కొడుకు అరచేతిని చెంపకు ఆనించుకుని నేల మీద కూర్చుంది. ఇన్నేళ్లు ఆపుకున్న దుఃఖం కట్టలు తెంచుకుంది. మొగుణ్ణి పేరు పెట్టి పిలుస్తూ, రాగం తీసి ఏడ్చింది. టెంటు కింది ఆడవాళ్లు వచ్చి ఆమెను చుట్టుకుని తామూ గొంతు కలిపారు. ఆ పూట ఎవరూ నినాదాలు ఇవ్వలేదు.