నాలుగు రోజుల వెచ్చదనం

నేను ఒక సిలికాన్ సెన్సారును. మీ చిటికెన వేలి గోరంత ఉంటాను. ఇసుకలోంచి తీసిన సిలికాన్‌ను శుద్ధి చేసి, కడ్డీగా పెంచి, పల్చని బిళ్లలుగా కోసి, మెరుగుపెట్టి, ఒకే బిళ్ల మీద నన్నూ నా తోబుట్టువులనూ తయారుచేశారు. మా పని ఒక్కటే. ఏదైనా కణం మా ఒంట్లోంచి దూసుకుపోతే, ఇదిగో ఇక్కణ్ణుంచి పోయిందని చిన్న విద్యుత్ సంకేతం ఇవ్వడం.

తోబుట్టువులను విదేశంలో నేలకింద జరిగే ఓ పెద్ద ప్రయోగానికి ఎంచుకున్నారు. నన్ను మాత్రం దెబ్బలు తినడానికి ఎంచుకున్నారు. కణాలు ఏళ్ల తరబడి తగులుతూ ఉంటే మాలోని పరమాణువులు చోటు తప్పుతాయి. అప్పుడు ఏ కణమూ తగలకపోయినా ఒంట్లోంచి సన్నగా కరెంటు కారుతుంది. అది ఎక్కువైతే అసలు సంకేతం అందులో కలిసిపోతుంది. నేలకింద బిగించాక మమ్మల్ని మార్చడం కుదరదు కనుక, ఎన్నాళ్లు పనికొస్తామో ముందే తేల్చుకోవాలి. అందుకని నన్నొక రియాక్టరులో పెట్టి, పదేళ్ల దెబ్బలు పావుగంటలో తినిపించారు. మనుషులకు ఓపిక తక్కువ.

అక్కణ్ణుంచి మంచుపెట్టెలో హైదరాబాదు వచ్చాను. ఒక విశ్వవిద్యాలయపు ప్రయోగశాలలో, సున్నాకు ఇరవై డిగ్రీలు తక్కువ చలిలో, ఫ్రీజర్‌లో పెట్టారు. వెచ్చదనం తగిలితే చోటు తప్పిన పరమాణువులు కొన్ని సర్దుకుంటాయి, గాయం కొంత మానుతుంది. ఇక్కడ మానకూడదు. కొలిచేదాకా గాయం పచ్చిగానే ఉండాలి.

నన్ను కొలవాల్సిన అమ్మాయి నాగసుధ. పలాస నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని. నాలుగేళ్లు కూర్చుని కంప్యూటర్లో నాకొక కవలను తయారుచేసింది. అదంతా అంకెలే. నేను తిన్న దెబ్బలన్నీ దానికీ తినిపించి, ఎంత కరెంటు కారుతుందో దానిచేత చెప్పించింది. దసరా సెలవులయ్యాక నన్ను బయటికి తీసి కొలిచింది. కవల చెప్పినదానికంటే మూడో వంతు తక్కువ వచ్చింది.

మళ్లీ కొలిచింది. అంతే. సిద్ధాంత వ్యాసం ఇవ్వడానికి ఇక రెండు వారాలే ఉన్నాయి.

ప్రయోగశాల అధిపతి ప్రొఫెసర్ సోమయాజులు మంచివాడే గానీ తొందర మనిషి. కవలలో ఒక్క సంఖ్య తగ్గిస్తే అది గీసిన గీత వచ్చి, కొలిచి పెట్టిన చుక్క మీద కూర్చుంటుందని, ఎవరికీ నష్టం లేదని నచ్చజెప్పాడు. నాకు భయం వేసింది. ఆ సంఖ్య తగ్గితే, ఇంత కొట్టినా వీళ్లకేం కాదని రాసేస్తారు. ఆ మాట నమ్మి నా తోబుట్టువులను తట్టుకోలేని చోట బిగిస్తారు. చెబుదామంటే నాకు నోరు లేదు.

నాగసుధ ఆ సంఖ్య జోలికి పోలేదు. తన లెక్క సరైనదైతే తప్పు నా వైపే ఉండాలని, నా గాయం ఎప్పుడో కొంత మాని ఉంటుందని, ఫ్రీజర్‌కు కరెంటు సరిగా అందడం లేదేమోనని ప్లగ్గు లాగి చూసింది. పిన్నుల మధ్య ఎండిపోయిన కుంకుమ బొట్టు కనిపించింది. ప్లగ్గు బోర్డులో ఉండగా అక్కడ బొట్టు పెట్టడం ఎవరి తరమూ కాదు.

ప్రయోగశాలను ఇరవై ఆరేళ్లుగా తుడిచి కాపాడుతున్న అటెండరు కొమురయ్యను పిలిచి అడిగింది. ఆయన దాచలేదు.

"ఆయుధపూజ నాడు నేనే బంద్ జేసిన బిడ్డా. ఏడాదంత గురగురమంటనే ఉంటది. పండుగకన్న దానికి ఇరాం ఇయ్యొద్దా? సెలవులైనంక మల్ల పెట్టిన."

నాలుగు రోజులు. ఆ రోజుల్లో ఊళ్లో ఎండ ఎంత ఉందో పాత పేపర్లలో వెతికి, ఆ వెచ్చదనాన్ని కవలకూ తగిలించింది. మరే సంఖ్యా మార్చలేదు. గీత తనంతట తానే దిగి చుక్క మీద నిలిచింది. నాలుగేళ్ల లెక్క మొదటి నుంచీ సరైనదే. నాగసుధ నవ్వింది, ఆ వెంటనే కళ్లు తుడుచుకుంది. జరిగిందంతా చెబితే కొమురయ్యకు అందులో ఒక్క ముక్కే అర్థమైంది, పొరపాటు తనవల్లే జరిగిందని.

"నా నౌకరి పోతదా?"

ఆయనది ఏటేటా పొడిగించే కొలువు.

"తెలీదు బాబాయ్," అంది. "కానీ ఇది రాయకపోతే నా లెక్క తప్పని నేనే ఒప్పుకున్నట్టు."

ఫ్రీజర్ నాలుగు రోజులు ఆగిందని వ్యాసంలో రాసింది, ఆపిందెవరో పేరు లేకుండా. ప్రొఫెసర్ గారు ఆ కాగితం చదివి, ఫ్రీజర్ ఆపిన బుద్ధిమంతుడెవడని అడిగాడు. గుమ్మం దగ్గరున్న కొమురయ్య చేతులు కట్టుకుని, నేనే సార్ అన్నాడు. ఇరవై ఆరేళ్ల అనుభవం ఇందుకేనా, వచ్చే ఏడాది సంగతి ఆలోచించాల్సిందేనని ఆయన మొదలుపెట్టాడు. కొమురయ్య తల దించుకునే అన్నాడు.

"మీరు కొబ్బరికాయ గొట్టి హారతిచ్చినప్పుడు అది బందే ఉండె సార్. మీరేమన్లే. అట్లనే ఉండాల్నేమో అనుకున్న."

నిజమే. ఆ వేళ గదిలో చదువుకున్నవాళ్లు తొమ్మిదిమంది ఉన్నారు. ఎప్పుడూ గురగురలాడే యంత్రం ఎందుకు మూగబోయిందని ఒక్కరికీ తోచలేదు. నేను లోపల వెచ్చబడుతూ మంత్రాలు విన్నాను.

ప్రొఫెసర్ గారు కలం తీసి, నాగసుధ రాసిన వాక్యం కింద ఇంకో మూడు వాక్యాలు రాసి సంతకం చేసి, ఎవరి ముఖమూ చూడకుండా క్లాసుకు వెళ్లిపోయాడు.

నాతో పని అయిపోయింది. ఒంట్లో ఇంకా కాస్త రేడియేషన్ ఉంది కనుక నన్ను చెత్తబుట్టలో వేయకూడదట. సీసపు పెట్టెలో పెట్టారు. మానిన గాయం పోగా మిగిలినదానితో ఇక్కడే ఉంటాను. మూత పడకముందు విన్న చివరి మాటలు మాత్రం చెప్పాలి. కొమురయ్యకు ఇంగ్లీషు రాదు. సార్ ఏం రాసిండని అడిగాడు. నాగసుధ తెలుగులో చెప్పింది.

"పూజ చేసింది నేను. ఫ్రీజర్ ఆగి ఉండటం చూడాల్సింది నేను. ఈ పొరపాటు నాది."

కొమురయ్య దగ్గరికి వచ్చి కాగితం మీదికి వంగాడు.

"మల్లొక్కపారి చదువు బిడ్డా," అన్నాడు.