థర్మామీటరుకు జబ్బు చేసింది

పశువుల డాక్టరు కారులో పసుపు దీపం వెలగడం మొదలై వారం దాటింది. మొదట్లో ఆమె దాన్ని చూసీ చూడనట్టు ఊరుకుంది. తర్వాత కళ్లలో పొడుస్తోందని, దూడల గాయాలకు అంటించే ప్లాస్టరు ముక్క ఒకటి కత్తిరించి దీపం మీద అతికించేసింది. దీపం కనపడకుండా పోయింది గానీ కారు ఊరుకోలేదు. ఆ ఉదయం వంతెన ఎక్కబోతుంటే ఉన్నట్టుండి నీరసపడిపోయింది. ఎంత తొక్కినా నత్తనడకే. పక్కనుంచి పాలవాడు సైకిల్ మీద గంట కొట్టుకుంటూ దాటిపోయాడు. పైగా వెనక్కి తిరిగి చెయ్యి కూడా ఊపాడు.

ఆ అవమానం భరించలేక డాక్టరు కారును నేరుగా వదిన షెడ్డుకు పట్టుకెళ్లింది.

వదిన కార్ల మెకానిక్కు. వీధి వీధంతా ఆమెను మేస్త్రమ్మ అంటారు. పని బాగా తెలిసిన మనిషి. తనకు తెలుసన్న సంగతి మాత్రం ఆమెకు కాస్త ఎక్కువగానే తెలుసు. ఆమె కారు తలుపు తీసి లోపలికి తొంగిచూసింది.

"ఇదేంటమ్మా డాక్టరూ, దీపానికి దెబ్బ తగిలిందా?"

"కళ్లకు గుచ్చుకుంటోంది వదినా."

"కుంటుకుంటూ వచ్చిన ఆవుకు కళ్లకు గంతలు కట్టి పంపిస్తావా నువ్వు?"

మేస్త్రమ్మ ప్లాస్టరు పీకి పారేసి, కారు లోపాలు చెప్పే స్కానర్ తెచ్చి స్టీరింగ్ కింద తగిలించింది. అది పొగ పోయే గొట్టంలో వేడి తొమ్మిది వందల డిగ్రీలని చూపించింది. ఇంజను చల్లారేదాకా ఇద్దరూ టీ తాగుతూ కూర్చున్నారు. మళ్లీ చూస్తే అదే తొమ్మిది వందలు.

మేస్త్రమ్మ బానెట్ ఎత్తి గొట్టాన్ని వట్టి చేత్తో పట్టుకుంది.

"చల్లగా ఉంది. స్కానర్ చూస్తే కొలిమి మండుతోందంటోంది. పాపం కారుకేం తెలుసు, నిజమే అనుకుని హడలిపోయి జోరు తగ్గించేసుకుంది."

"అయితే జ్వరం లేదన్నమాట. థర్మామీటరుకే జబ్బు చేసింది."

"అబ్బో, నీ పట్టా ఉత్తది కాదే!"

వేడి కొలిచే సెన్సార్లలో పాడైంది రెండోదని స్కానర్ చెప్పింది. పొగలోని మసిని పట్టి ఉంచే ఫిల్టరుకు ముందు ఒక సెన్సారు, వెనక ఒకటి ఉన్నాయి. వెనకదే రెండోదని మేస్త్రమ్మ తేల్చేసింది. వెంటనే మొగుడికి ఫోన్ చేసి కొత్తది తెమ్మంది. ఆయనే డాక్టరు అన్నయ్య, రేడియోలో వార్తలు చదువుతాడు. ఆ రేడియో స్టేషన్ పక్కనే విడిభాగాల దుకాణం.

ఆయన వచ్చేలోగా మేస్త్రమ్మ కారు కింద దూరి ఆ వెనక సెన్సారుతో కుస్తీ పట్టింది. తుప్పు పట్టి బిగుసుకుపోయిన దాన్ని నానా తంటాలు పడి ఊడబీకింది. గెలిచినట్టు పైకెత్తి చూపించి, ఎందుకైనా మంచిదని మీటరు పెట్టి చూసింది. సెన్సారు నిక్షేపంలా ఉంది.

డాక్టరు వంగి మీటరు వైపు చూసింది.

"వదినా, బతికున్నదాన్ని పీకావా?"

"ఆగవే బాబూ." మేస్త్రమ్మ మళ్లీ బానెట్ లోకి వంగింది. ఇంజను పక్కన రేకు ఒకటి విప్పితే, దాని కింద ఇంకో సెన్సారు దాక్కుని ఉంది. మొదటిది అదన్నమాట! అంటే ఫిల్టరుకు ముందున్నదే రెండోది, వెనకది మూడోది. ఆ ముందున్నదానికి మీటరు పెడితే ఉలుకూ పలుకూ లేదు. దానికొచ్చే వైరు చూస్తే బాగానే ఉంది.

"ఈ సంగతి మీ అన్నయ్యకు చెప్పావంటే చూడు," అంది మేస్త్రమ్మ, పీకినదాన్ని తిరిగి బిగిస్తూ.

"రేడియోలో రాదులే," అని డాక్టరు పొట్ట పట్టుకుని నవ్వుతుండగా ఆమె ఫోన్ మోగింది.

కొండమీది రైతు. ఆవు ఈనలేక పొద్దుటినుంచి అవస్థ పడుతోందట. డాక్టరు నవ్వు ఎగిరిపోయింది. షెడ్డులో ఉన్న మిగతా రెండు కార్ల ఇంజన్లూ విప్పి బల్లమీద పరిచి ఉన్నాయి. ఈ కారేమో వంతెనే ఎక్కలేకపోయింది, కొండెక్కడం కల్ల.

"ఇటు లైటు పట్టు," అంది మేస్త్రమ్మ. పాడైన సెన్సారు మొదలు దగ్గర నూనె పోసి, మంటతో వేడిచేసి, పానా బిగించి బలంగా లాగబోయింది.

"అలా లాగకు!" అని డాక్టరు అరిచింది. "కొంచెం అటు, కొంచెం ఇటు. దూడ అడ్డం తిరిగితే మేం అలాగే తీస్తాం."

"ఇది దూడ కాదే తల్లీ."

"లోపల ఇరుక్కుంది కదా?"

మేస్త్రమ్మ ఒక్క క్షణం ఆలోచించి పానాను కాస్త బిగించింది, కాస్త వదులు చేసింది. మళ్లీ నూనె పోసింది. కిర్రుమని మూలిగి సెన్సారు కదిలింది. మర చుట్లు దెబ్బతినకుండా మొత్తం బయటికొచ్చింది.

అదే సమయానికి అన్నయ్య సైకిల్ దిగి, టిఫిన్ సంచిలోంచి పెట్టె తీశాడు. ఇంట్లోనూ ఆయనది రేడియో గొంతే.

"ఇప్పుడే అందిన వార్త. సెన్సారు దొరికింది. వెనకదానికైనా ముందుదానికైనా ఇదొక్కటే సరిపోతుందని దుకాణదారు తెలియజేశారు."

"బతికించావు!" అని మేస్త్రమ్మ లాక్కుని, మరలకు తుప్పు పట్టనివ్వని ముద్ద రాసి బిగించింది. స్కానర్ లో పాత తప్పు చెరిపేసి చూస్తే తొమ్మిది వందలు పోయి, మంట తగిలిన గొట్టానికి ఉండాల్సిన కాస్త వేడే చూపించింది. పసుపు దీపం ఆరిపోయింది.

మేస్త్రమ్మ స్కానర్ పట్టుకుని పక్క సీట్లో ఎక్కి కూర్చుంది. "నేనూ వస్తా. వారం రోజులుగా ఫిల్టరులో మసి కాలలేదు. జోరుగా నడిస్తేనే కాలుతుంది. నువ్వు తొక్కు, నేను అంకెలు చూస్తా."

కారు వంతెన ఒక్క ఊపున ఎక్కింది. ఊరు దాటాక వేడి నాలుగు వందలైంది, ఐదు వందలైంది. కొండ మలుపుల్లో ఆరు వందలకు చేరేసరికి మేస్త్రమ్మ, "కాలుతోందే, కాలుతోంది!" అంటూ సీట్లోనే ఎగిరింది. ఆవు మాట తలచుకుని భయంగా ఉన్నా డాక్టరుకు నవ్వాగలేదు.

కొట్టంలో ఆవు పడుకుని రొప్పుతోంది. డాక్టరు చెయ్యి లోపలికి పెట్టి తడిమింది. దూడ ముందుకాలు ఒకటి మడతపడింది. చెమటలు కక్కుతూ, మెల్లగా వెనక్కి నెట్టి కాలు సరిచేసి, తాడు తగిలించింది. రైతు ఆవు తల ఒళ్లో పెట్టుకుని దాన్ని బుజ్జగిస్తున్నాడు.

"వదినా, తాడు పట్టు."

"నేనా!"

"ఆవు ముక్కినప్పుడే లాగు. అది ఆగితే నువ్వూ ఆగు."

ఇంజన్లనే అవలీలగా ఎత్తే మేస్త్రమ్మ చేతులు రెండుసార్లు తుడుచుకుని గానీ తాడు పట్టుకోలేదు. ఆవు ముక్కింది, ఆమె లాగింది. ఆవు ఆగింది, ఆమె ఆగింది. ఇంకోసారి లాగేసరికి దూడ సర్రున జారి వచ్చి ఆమె ఒళ్లో పడింది. వెచ్చగా, బరువుగా, కదలకుండా ఉంది. డాక్టరు దాని ముక్కు తుడిచి, గడ్డితో వీపు రుద్దింది. దూడ పెద్దగా తుమ్మి, చెవులు విదిలించింది.

"పెయ్యదూడ!" అన్నాడు రైతు, ఆవు మెడ నిమురుతూ.

మేస్త్రమ్మ ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. రైతు వేడినీళ్లు తెచ్చినా చేతులు కడుక్కోలేదు. ఇక బయల్దేరదామని డాక్టరు పిలిస్తే, "ఉండవే, అది నిలబడాలి," అంది.

దూడ లేచింది, కూలబడింది. మళ్లీ లేచి, నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు చాపి, తూలుకుంటూ తల్లి దగ్గరికి చేరి పొదుగు వెతుక్కుంది. మేస్త్రమ్మ చప్పట్లు కొట్టింది. ఆవు మాత్రం తలెత్తి, ఈ గోలేంటన్నట్టు ఆమె వైపు చూసింది.