శాలువా మీద గుండె

రండమ్మా రండి, ఆ గుసగుసలాపి దగ్గరికి జరగండి. ఒక శాలువా మీద గుండె కొట్టుకున్న సంగతి చెబుతాను. అబద్ధమైతే నా నాలుక మీద వాత పెట్టండి.

ఒక సైన్సు టీచరమ్మ ఉండేది. పుస్తకంలో గుండె బొమ్మ చూపించి చూపించి విసుగెత్తి, తనే ఒక మాయ తయారు చేసింది. ట్యాబ్ కెమెరాను ఒక గుర్తు వైపు తిప్పితే చాలు, తెర మీద ఆ గుర్తు మీంచి గుమ్మడికాయంత గుండె లేచి లబ్‌డబ్ లబ్‌డబ్ అంటుంది. నెత్తురు ఏ గదిలోంచి ఏ గదిలోకి పోతుందో కళ్లకు కడుతుంది. ఇదంతా ఎక్కడ చేసిందనుకున్నారు? పొయ్యి దగ్గర, ఒక చేత్తో గరిటె తిప్పుతూ. గుర్తు కోసం అట్టముక్క మీద బొమ్మ గీస్తే అత్తగారు దాన్ని నూనెగిన్నె కింద పెట్టేసింది. "కాగితం ముక్కేగదే, ఏడుస్తావేం?" ఇంకోటి గీస్తే మొగుడు దాంతో విసురుకున్నాడు. "బడిలో చాలక ఇంట్లో కూడా బొమ్మలాటా?" ఆఖరికి తన భుజం మీది పూల శాలువానే గుర్తుగా పెట్టుకుంది. ఆ ఇంట్లో ఎవరూ లాక్కోనిది అదొక్కటే మరి.

ఒకనాడు పై అధికారులు బడికొచ్చారు. పాఠం నచ్చితే, చెప్పినవాళ్లకి బళ్లన్నిటికీ నేర్పే ఉద్యోగం. పొద్దున్నుంచీ ఆవిడ లోపల మాటలు పేర్చుకుంటోంది. ఒక్కసారి నా నోటితో చెబితే చాలు, వంటింట్లో పుట్టినా ఇది నాదే అని. హెడ్‌మాస్టరు మాత్రం ట్యాబ్ తీసి కంప్యూటర్ సారు చేతిలో పెట్టాడు.

"మీరు కంగారుపడతారమ్మా. కాస్త టీ సంగతి చూడండి."

"అది కాదు సార్, దాన్ని దేని వైపు తిప్పాలంటే..."

"సారుకి తెలీదా ఏంటి?"

సారు కెమెరాను పుస్తకం వైపు తిప్పాడు, బల్ల వైపు తిప్పాడు, తన బట్టతల వైపు కూడా తిప్పి చూశాడు. తెర మీద గుండె రాలేదు, ఆయన గుండె మాత్రం జారింది. అంతలో ఆవిడ టీ పళ్లెంతో ఎదురొచ్చింది. తెరలో ఆవిడ భుజం మీద ధడాల్న గుండె లేచింది!

"భలే ఏర్పాటు సార్!" అన్నాడు పెద్ద అధికారి.

"మన ఐడియానే అండీ" అన్నాడు సారు. "మేడమ్, కదలకండి. మీరు ఊపిరి పీలుస్తుంటే గుండె ఊగుతోంది."

ఆవిడ ఊపిరి బిగబట్టి నిలబడింది. ఇంట్లో అలవాటైన పనే. అందరూ గుండెనే చూస్తున్నారు, దాని పైన ఒక మొహముందని ఎవరికీ పట్టలేదు. ఇంక చాలనుకుంది. పళ్లెం దించి, శాలువా తీసేసి, "ఇది నేను చేశానండీ" అంది. గట్టిగానే అంది.

"థాంక్సమ్మా" అని సారు శాలువా అందుకుని కుర్చీకి కప్పాడు. కుర్చీ మీద గుండె ఇంకా నిబ్బరంగా కొట్టుకుంది. పాఠం సాగిపోయింది.

ఉత్త భుజాలతో ఆవిడ గుమ్మం దగ్గర నిలబడితే, బంట్రోతు పక్కకొచ్చి జాలిగా అన్నాడు: "బాధపడకండమ్మా. మీరూ బాగానే నిలబడ్డారు గానీ, కుర్చీయే నయం. దానికి ఊపిరక్కర్లేదు."