సీసం ఎంత కాగాలి

పెళ్ళాం మార్డెల్ మూడో థర్మామీటరు పెట్టె విప్పుతుంటే లైల్‌కి ఒళ్ళు మండిపోయింది. మండి ఏం లాభం? మండిందని చెప్పడానికి నోరుండాలి కదా.

ఫిబ్రవరిలో వాకిట్లో మంచు ఎత్తిపోస్తూ, చేతిలో పారతో సహా కూలబడిన రోజు నుంచి లైల్ బ్రెక్కి నోట్లో మాట లేదు. బొత్తిగా లేదని కాదు, తిట్లున్నాయి. డెబ్బై రెండేళ్ళుగా పోగేసుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి గానీ, తిట్లు మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నచోటే ఉన్నాయి. "దీని దుంపతెగ" అనడానికి ఏ ఇబ్బందీ లేదు. "కాసిని మంచినీళ్ళియ్యి" అనబోతే మాత్రం "వంతెన" అని వచ్చేది. ఎందుకో ఏమో, ఆ ఒక్కటే! కాఫీ కావాలన్నా వంతెనే, కిటికీ మూయమన్నా వంతెనే. మంగళవారం మంగళవారం బొమ్మల అట్టలు పట్టుకుని ఒకమ్మాయి మాటలు నేర్పడానికి వస్తుంది. ఆవు బొమ్మ చూపిస్తే, పుట్టి బుద్ధెరిగాక ఆవుల్నే మేపిన మనిషి, ఆ పిల్ల మొహంలోకి చూస్తూ "వంతెన" అన్నాడు. ఆ పూట అన్నం సయించలేదు.

కుడిచెయ్యి ఒళ్ళో పడి ఉంటుంది. కుడికాలు ఈడ్చుకుంటూ, ఎడంచేత కర్ర పట్టుకుని ఇంట్లోంచి షెడ్డు దాకా మాత్రం నడుస్తాడు.

ఆ షెడ్డే ఇప్పుడు ప్రాణం మీదికి వచ్చింది. ఏటా జూన్ మొదటి శనివారం ఊరవతల కొండవాలున పాత తరహా రైఫిళ్ళ పోటీ జరుగుతుంది. ఒక్కొక్క తూటా పెట్టుకుని, ఎనిమిదొందల గజాల అవతల నిలబెట్టిన ఇనప దున్నపోతును కొట్టాలి. మాంటానాలో ఆ పోటీకి రాని ముసలాడంటూ లేడు. కొట్టేది మార్డెల్. ఆమె గురి సంగతి ఆ చుట్టుపక్కల మగాళ్ళని అడిగితే నేల చూపులు చూస్తారు. గుండ్లు పోసేది లైల్. సీసం కరిగించి, పిసరంత తగరం కలిపి, అచ్చులో పోసి, ఒక్కో గుండునూ చంటిపిల్ల పన్ను చూసినట్టు వెలుతురులో తిప్పి తిప్పి చూసి గానీ ఇచ్చేవాడు కాదు. ముప్పై ఏళ్ళు అలా జరిగింది.

ఒకసారి, పెళ్ళయిన పదో ఏటనో ఏమో, "నాకూ నేర్పవయ్యా" అంది మార్డెల్. "ఇందులో నేర్చుకోడానికేముంది, నువ్వు పేల్చు చాలు" అని తలుపు వేసుకున్నాడు. ఆ షెడ్డు తనది. ఇంకెవరి చెయ్యీ అందులో పడటం ఇష్టం లేకపోయింది, అంతే. ఇప్పుడా గీర తల్చుకుంటే తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తోంది.

ఆదివారం పొద్దున పాన్‌కేకుల మీద తేనెపాకం పోస్తూ మార్డెల్ చెప్పేసింది. "పోటీకి అరవై గుండ్లు కావాలి. గురువారం సాయంత్రానికి కుదిరితే కుదిరాయి. లేదంటే డ్వేన్‌ని పిలిచి కుండా, అచ్చులూ, అన్నీ పట్టుకుపొమ్మంటా. నీకు చెయ్యాడదు, నాకు రాదు. ఊరికే దుమ్ము కొట్టుకుపోవడం ఎందుకు?"

కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అంది. ఆవులు అమ్మేశారు, పొలం కౌలుకిచ్చేశారు, బండి తాళాలు డాక్టరు మాట మీద మార్డెల్ సంచిలోకి పోయాయి. మిగిలింది పన్నెండడుగుల షెడ్డు. అదీ పోతే ముందుగదిలో కిటికీ పక్కన కూర్చోబెట్టిన సామానులో తనూ ఒకటి. ఎలాగైనా గురువారం లోపల ఈ మనిషి చేత అరవై గుండ్లు పోయించాలి. నోరు లేకుండా పోయించాలి.

మొదట ముంచినవాడు డ్వేన్ కెస్లరే. పక్క పొలం వాడు, యాభై దాటినవాడు, మంచివాడే. కాకపోతే తనకి తెలియనిదంటూ లేదనుకుంటాడు. "పెద్దాయన ఎన్ని డిగ్రీల మీద పోసేవాడో కనుక్కోండి మార్డెల్. ఆ అంకె ఒక్కటీ దొరికితే మిగతాదంతా దానంతటదే వస్తుంది" అని చెప్పి పోయాడు.

మార్డెల్ ఇటు తిరిగింది. "ఎంత లైల్? ఆరొందల యాభైయా?"

లైల్ తల అడ్డంగా ఊపాడు. అంకె కాదే తల్లీ! ఈ షెడ్డులో థర్మామీటరన్నది ఎప్పుడైనా ఉంటే కదా!

"అంతకంటే ఎక్కువా? ఏడొందలా?"

ఊపాడు.

"ఏడొందల యాభై? ఎనిమిదొందలు? ఓరి దేవుడా, ఎనిమిదొందల యాభైయా?"

లైల్‌కి మెడ నొప్పి పుట్టింది గానీ ఆమెకి అర్థం కాలేదు. అంకె దొరకాలంటే కొలవాలి కదా అని వంటింట్లోంచి పంచదార పాకానికి వాడే గాజు థర్మామీటరు తెచ్చింది. దాని మీద ఫారెన్‌హీట్ లెక్కలో నాలుగొందల దాకానే గీతలున్నాయి. ఆ వేడికి సీసం కరగనే కరగదు. కరిగిన సీసంలో అది ముంచబోతోందని గ్రహించి "చచ్చాం! చచ్చాం!" అని లైల్ అరిచేలోపలే ముంచింది. లోపలి ఎర్రగీత తారాజువ్వలా పైకి పోయింది, టప్పుమని గాజు పగిలింది. కుండంతా గాజు పెంకులు. అవి ఏరేసరికి ఆ పూట గడిచిపోయింది.

సోమవారం డ్వేన్ తన పిస్తోలు లాంటి యంత్రం తెచ్చాడు. తాకకుండా ఎర్రచుక్క వేస్తే చాలు, ఎంత వేడో అంకెల్లో చూపిస్తుంది. తళతళలాడే సీసం మీద వేస్తే మూడొందల ఎనభై అంది. పైన తేలే తెట్టు మీద వేస్తే ఆరొందల తొంభై అంది. గరిటెతో కలిపి మళ్ళీ వేస్తే నాలుగొందల పది.

"ఇదేంటి, ఒకే కుండలో మూడు కాలాలున్నాయి!" అన్నాడు డ్వేన్.

అద్దంలా మెరిసేదాని మీద ఆ యంత్రం అబద్ధం చెబుతుందిరా నాయనా, అని లైల్ నాలిక చివర దాకా వచ్చింది. నోట్లోంచి "దీని దుంపతెగ" అని బయటికొచ్చింది. డ్వేన్ అది తనకే అనుకున్నాడు. "సాయం చెయ్యబోతే ఇదా మర్యాద!" అని యంత్రం చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఇక మార్డెల్ ఫోను ముందేసుకుని కూర్చుంది. కాడ పొడుగు ఆరంగుళాలా ఎనిమిదా, ముల్లుదా అంకెలదా, తీగ వేలాడేదా కాదా అని చదివింది, చదివింది, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివింది. ఒక్కో బొమ్మా లైల్ మొహం ముందు పెట్టింది. ఒక్కోదాన్నీ తోసేశాడు.

"నీకేదీ నచ్చదు! పెళ్ళినాడు కట్టుకున్న టై కూడా నచ్చలేదు నీకు!" అని చివరికి తనకి నచ్చింది తెప్పించుకుంది.

అదే ఈ మూడోది. గురువారం మధ్యాహ్నం వచ్చింది. గుండ్రటి ముఖం, పొడుగాటి కాడ, వెయ్యి డిగ్రీల దాకా అంకెలు. వస్తువు మంచిదే, కాదనడానికి లేదు. కుండ అంచుకి తగిలించగానే ముల్లు మెల్లగా లేచి ఏడొందల దగ్గర బుద్ధిగా నిలబడింది.

"అమ్మయ్య!" అంది మార్డెల్.

గరిటెతో సీసం తీసి అచ్చులో పోసింది. అచ్చు విప్పితే గుండు ఎండుద్రాక్షలా ముడతలు పడి ఊడిపడింది. అచ్చు పక్కన పెట్టింది. కళ్ళజోడు పెట్టుకుని ముల్లు చూసింది. కుండ వేడి పెంచే మీట పిసరంత తిప్పింది. కాడ తుడిచింది. ముల్లు ఏడొందల పదికి వచ్చేదాకా చేతులు కట్టుకుని నిలబడి, అప్పుడు పోసింది. ముడతలు. మళ్ళీ ముల్లు, మళ్ళీ మీట, మళ్ళీ తుడుపు. ముడతలు. ఏడొందల యాభై చేసింది. ముడతలు.

లైల్ కుర్చీలో కూర్చుని కొయ్యబారిపోయి చూస్తున్నాడు. సీసం బాగానే ఉంది, అచ్చు చల్లారిపోతోంది! ముల్లు వంక చూసే ప్రతిసారీ అచ్చు చల్లారిపోతోంది! ఆగకుండా ఒకదాని వెంట ఒకటి పోస్తుంటే అచ్చు తనే వేడెక్కుతుంది, ముడతలు తమంతట తామే పోతాయి. పాడుచేస్తున్నదే ఆ దిక్కుమాలిన థర్మామీటరు. చిన్న ముక్క. నోరున్న వాడికి ఒక్క క్షణం పని.

కర్రతో నేల మీద కొట్టాడు. అచ్చు వైపు చూపించాడు. "వంతెన! వంతెన!"

"అచ్చుకేమైంది? జిడ్డుందా?" అని మార్డెల్ అచ్చు తీసుకెళ్ళి సబ్బు పెట్టి కడిగి, తుడిచి, ఆరబెట్టి తెచ్చింది. ఇంకా చల్లబడి వచ్చింది.

తర్వాతి గుండు అచ్చు నిండనే లేదు. మార్డెల్ దాన్ని బల్ల మీద గిరాటేసింది.

"ఇంకెలా చెయ్యమంటావు, చెప్పు! నాలుగు నెలలుగా చూస్తున్నా. తల ఊపుతావు, తిడతావు, తోసేస్తావు. నాకు తెలీదు లైల్! ఈ పని నాకు తెలీదు! నువ్వే తెలియనివ్వలేదు. తలుపేసుకున్నావు. ఇప్పుడు నన్ను చూసి కళ్ళెర్రజేస్తే నేనేం చెయ్యను?"

ఆ మాటల్లో ఒక్కటీ అబద్ధం కాదు. అందుకే లైల్‌కి ఎక్కువ మండింది. లేచాడు. ఎడంచేతికి పళ్ళతో తోలు తొడుగు లాక్కుని, థర్మామీటరు ఊడబెరికి ఇసక బకెట్టులోకి విసిరాడు.

మార్డెల్ దాన్ని చూసింది, మొగుణ్ణి చూసింది, ఫోను తీసింది.

"డ్వేన్, బండి వేసుకుని రా. అవును, అన్నీ. కుండ ఇంకా వేడిగా ఉంది, చల్లారాక ఎత్తుదువుగాని." ఫోను జేబులో పెట్టుకుంది. "అయిపోయింది. నాకింక ఓపిక లేదు."

పక్క పొలం నుంచి బండి రావడానికి ఇరవై నిమిషాలు. లైల్ గరిటె అందుకున్నాడు. ఎడంచేతిలో అది ఒరిగింది, సీసం బొట్టు ఒకటి బల్ల మీద పడి మెరిసింది.

"ఒళ్ళు కాల్చుకుంటావు! ఇలా ఇయ్యి!"

ఇచ్చాడు. ఇచ్చి, ఆమె మణికట్టు పట్టుకుని కుండ వైపు తోశాడు. ఏ కళనుందో, విసుక్కుంటూనే ఆమె గరిటె ముంచి, అచ్చు నింపింది. అచ్చు మూతపలక మీద మిగిలిన సీసం చిన్న మడుగులా నిలబడింది. ఆమె చూపు అలవాటుగా ముల్లు కోసం వెళ్ళబోతే, ఆ మణికట్టు గట్టిగా నొక్కాడు. ఇటు చూడు. ఈ మడుగు చూడు.

"ఒకటి," అన్నాడు లైల్. "రెండు."

మడుగు తళుకు తగ్గి బూడిదరంగుకి తిరిగి గట్టిపడింది. కొయ్యముక్కతో పలక మీద కొట్టాడు, మిగులు ఊడిపోయింది.

మార్డెల్ గుండు వంక చూడలేదు. "లైల్, నువ్వు... ఇప్పుడు నువ్వు..."

"దీని దుంపతెగ!" అంటూ అచ్చు చూపించాడు. పొయ్యవే, చల్లారిపోతోంది! ఆ తిట్టు ఆమెకి మొదటిసారి సరిగ్గా అర్థమైంది. గబగబా అచ్చు విప్పి ముడతల గుండు దులిపేసి, మూసి, పోసింది.

"ఒకటి. రెండు. మూడు."

ఎలా వస్తున్నాయో లైల్‌కీ తెలీదు. ముప్పై ఏళ్ళు ఇదే బల్ల ముందు, ప్రతి గుండుకీ, తనలో తను ఇలాగే లెక్కపెట్టుకున్నాడు. ఇప్పుడు నాలిక అతన్ని అడక్కుండానే ఆ దారి పట్టింది. భయపడుతూనే చెబుతున్నాడు, ఎక్కడ ఆగిపోతుందోనని. నాలుగో గుండుకి నాలుగు దాకా వెళ్ళింది. ఆరో గుండుకి అయిదు. ముడతలు పల్చబడ్డాయి, తర్వాత లేనే లేవు.

"లెక్క పెరుగుతోంది!" అంది మార్డెల్. "అచ్చు వేడెక్కేకొద్దీ మడుగు గట్టిపడటం ఆలస్యమవుతోంది. సీసం సంగతి కాదు, అచ్చు సంగతి! ఇదా నువ్వు చెప్పేది? అయిదు రావాలి, అంతేనా?"

లైల్ తల నిలువుగా ఊపాడు. నాలుగు రోజుల్లో మొదటిసారి నిలువుగా.

ఒకసారి లెక్క ఏడు దాకా పోతే చెయ్యెత్తి ఆపాడు, ఒక క్షణం ఆగనిచ్చి మళ్ళీ పోయించాడు. గుడ్డ మీద గుండ్లు వరసగా, నున్నగా, వెండిలా పడుతున్నాయి. ఇరవై దాటాయి.

బయట బండి ఆగింది. డ్వేన్ తలుపులోంచి తల దూర్చి, గుడ్డ మీద చూసి, నోరు తెరిచాడు. "ఎన్ని డిగ్రీలు పెట్టారు?"

"తెలీదు," అంది మార్డెల్.

"తెలీకుండా ఎలా వచ్చాయి?"

"అయిదు లెక్కపెడితే వచ్చాయి. కుండెక్కడికీ రాదు, నువ్వెళ్ళు."

"అయిదు లెక్కపెడితే సరిపోతుందా? అంతేనా? అదెవరికి రాదు!"

లైల్ చెవిలో ఆ మాట పడింది. నిజమే. అయిదు దాకా లెక్కపెట్టడం ఎవరికి రాదు? చేతిలో ఉన్న ఒక్కటీ ఇచ్చేశాడు. ఇక మార్డెల్ తనే పోసుకుంటుంది, తనే లెక్కపెట్టుకుంటుంది, అరవై కాదు ఆరొందలు పోసుకుంటుంది. సంతోషించాల్సిందే. మెల్లగా వెనక్కి జరిగి కుర్చీలో కూలబడ్డాడు.

మార్డెల్ అచ్చు నింపింది. మూతపలక మీద మడుగు మెరిసింది, బూడిదరంగుకి తిరిగింది, రాయిలా గట్టిపడింది. ఆమె కొయ్యముక్క ఎత్తలేదు. అచ్చు చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది.

"ఏం, లెక్కపెట్టవేం?"

లైల్ తలెత్తి చూశాడు.

"నిన్నే! నువ్వు చెప్పకపోతే నేనెలా కొట్టను? నాకు లెక్కలు రావు కదా!"

ఇరవై ఆరేళ్ళు ఆ ఊరి బళ్ళో లెక్కలు చెప్పిన మనిషి. గుమ్మంలో నిలబడ్డ డ్వేన్ ఆ దెబ్బ తిన్నవాడే. "అదేంటి, మీకు లెక్కలు రాకపోవడమేంటి? ఏడో తరగతి పరీక్షలో నన్ను రెండుసార్లు తప్పించింది మీరేగా..."

"డ్వేన్, నోర్ముయ్!"

మార్డెల్ చల్లారిన గుండును దులిపేసి, గరిటె ముంచి, మళ్ళీ అచ్చు నింపి, మొగుడి మొహంలోకి చూస్తూ నిలబడింది.

"ఒకటి," అన్నాడు లైల్.